ఫ్రెండ్‌తో కలిసి ఇంట్లోనే కారు ఇంజన్ మారుస్తున్నాం: గేర్‌బాక్స్‌తో సహా తీయాలా, విడిగానా?

పాతబండి_వాడు:

అందరికీ నమస్తే. నా పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌లో బిగ్ ఎండ్ బేరింగ్ (పిస్టన్ రాడ్ క్రాంక్‌కి, అంటే ఇంజన్ తిప్పే అడుగు షాఫ్ట్‌కి, కలిసే చోట ఉండేది) పోయింది. కింద నుంచి టకటకమని చప్పుడు, యాక్సిలరేటర్ ఇచ్చే కొద్దీ పెరుగుతోంది, ఆయిల్ చాంబర్ అడుగు బోల్ట్ విప్పితే ఆయిల్‌లో సన్నటి మెరుపు రజను కనిపించింది. క్రాంక్ గ్రైండింగ్‌కి పంపే బదులు, అదే మోడల్ బండిది నడిచే ఇంజన్ ఒకటి దొరికింది కాబట్టి దాన్నే ఎక్కించేద్దామని నేనూ నా ఫ్రెండూ డిసైడ్ అయ్యాం. వాడికి బైకు ఇంజన్లు విప్పి బిగించే అలవాటు బాగా ఉంది. నేను బ్రేకులు, రేడియేటర్, క్లచ్ కేబుల్ వరకు సొంతంగా చేసుకుంటాను. కారు ఇంజన్ దించడం మాత్రం ఇద్దరికీ కొత్త.

ఫ్రంట్ వీల్ డ్రైవ్, మాన్యువల్, ఇంజన్ అడ్డంగా కూర్చుని ఉంటుంది. గ్యారేజ్‌లో ఒక కారు పడుతుంది, గచ్చు నున్నగానే ఉంది, పైన స్లాబ్‌కి ఒక ఇనుప హుక్ ఉంది. మావాడి ప్లాన్ ఏంటంటే ఆ హుక్‌కి చైన్ బ్లాక్ వేలాడదీసి ఇంజన్ ఒక్కటే పైకి లాగేయడం, గేర్‌బాక్స్‌ని కింద జాక్ పెట్టి ఉన్నచోటే ఉంచేయడం, శనివారం పొద్దున మొదలుపెట్టి ఆదివారం రాత్రికి బండి స్టార్ట్ చేసేయడం. వింటుంటే బాగానే ఉంది కానీ నాకు లోపల టెన్షన్‌గానే ఉంది. చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఇంజన్ బయట ఉన్నప్పుడు ఏమేం మార్చేయాలి కూడా.

నట్టుబోల్టు:

ముందు ఆ హుక్ సంగతి మర్చిపోండి. అది ఎంత బరువుకి వేశారో మీకు తెలియదు, ఫ్యాన్ కోసమో ఉయ్యాల కోసమో వేసి ఉంటారు. చిన్న నాలుగు సిలిండర్ల ఇంజన్ ఒక్కటే 100 కిలోల దగ్గర తూగుతుంది, పైగా ఎక్కడో తట్టుకుని ఒక్కసారిగా వదిలితే పడే కుదుపు ఆ బరువుకి అదనం. సరే హుక్ ఆగిందనే అనుకుందాం, ఇంజన్ గాల్లో వేలాడుతుంటే కింద నుంచి బండిని వెనక్కి నెట్టాలి కదా? అప్పటికి డ్రైవ్ షాఫ్టులు తీసేసి ఉంటే చాలా బళ్లలో చక్రం బేరింగ్‌ని బిగించి పట్టుకునేది షాఫ్ట్ చివరి నట్టే, అది లేకుండా బండిని చక్రాల మీద దొర్లిస్తే బేరింగ్ పాడైపోతుంది. అందుకే కదలాల్సింది బండి కాదు, ఎత్తే సాధనం. చక్రాలున్న ఇంజన్ క్రేన్ అద్దెకి తెచ్చుకోండి, దాంతోపాటు లెవలర్ కూడా. హ్యాండిల్ తిప్పితే ఇంజన్‌ని ఒక పక్కకి వాల్చే బార్ అది, అడ్డ ఇంజన్‌కి అది లేకపోతే నరకమే.

క్రేన్ మీద 2 టన్నులు అని రాసి ఉంటుంది, దాన్ని నమ్మేయకండి. అది చేయి పూర్తిగా లోపలికి ఉన్నప్పటి లెక్క. మొత్తం బయటికి లాగితే సాధారణంగా అర టన్ను దగ్గరికి పడిపోతుంది, చేయి మీద ఒక్కో రంధ్రం దగ్గరా అంకె ఉంటుంది చూడండి. మీ బరువుకి అది కూడా సరిపోతుంది కానీ చేయి సాగే కొద్దీ క్రేన్ ముందుకి తూలే గుణం పెరుగుతుంది. ఇంకో చిక్కు, బండి ముందు భాగాన్ని స్టాండ్ల మీద ఎంత ఎత్తితే ఇంజన్ బయటపడటానికి అంత ఎక్కువ ఎత్తు లేపాలి, ఎత్తకపోతే క్రేన్ కాళ్లు బండి కిందికి దూరవు. మొదలుపెట్టే ముందే ఖాళీ క్రేన్‌ని తోసి చూసి, బానెట్ విప్పేసి, చేయి పైకి లేపి స్లాబ్‌కి తగులుతుందేమో కొలుచుకోండి.

ఇక అసలు ప్రశ్న. మీ బండికైతే గేర్‌బాక్స్‌తో సహా తీయండి. విడిగా తీస్తే తీసేటప్పుడు బానే వస్తుంది, పెట్టేటప్పుడు తెలుస్తుంది బాధ. గేర్‌బాక్స్ షాఫ్ట్‌ని క్లచ్ ప్లేట్ మధ్యలోకి సూటిగా పంపాలి, ఇంజన్ గాల్లో ఊగుతుంటుంది, మీరిద్దరూ ఇరుకులో వంగి టార్చ్ వేసి చూస్తుంటారు. ఆ టైంలో ఇంజన్ బరువంతా ఆ షాఫ్ట్ మీద పడనిస్తే క్లచ్ ప్లేట్ మధ్య భాగం వంగిపోతుంది, బండి నడిచాక క్లచ్ పూర్తిగా విడవదు, మళ్లీ మొత్తం దించాలి. అదే పని నేల మీద రెండూ పక్కపక్కన పెట్టుకుని చేస్తే పది నిమిషాలు. బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్ ఇంజన్‌కి ఆనుకునే గంట ఆకారపు భాగం) చుట్టూ సందు ఇంకా ఉండగా బోల్టులతో లాగి దగ్గర చేద్దామని మాత్రం చూడకండి. డోవెల్ పిన్నుల (రెండిటినీ సూటిగా కూర్చోబెట్టే చిన్న పిన్నులు) మీద చేత్తో నెడితే మొత్తం వచ్చి ఆనుకోవాలి. రాలేదంటే ఏదో అడ్డుంది, బలవంతం చేస్తే అల్యూమినియం చెవులు విరుగుతాయి.

షాఫ్ట్ నట్లు చక్రాలు నేల మీద ఉండగానే లూజ్ చేసుకోండి, స్టాండ్ల మీద ఎక్కించాక అవి రావు. గేర్ ఆయిల్ ముందే తీసేయండి, లేదంటే షాఫ్ట్ లాగిన క్షణంలో మీ చేతి మీదే కారుతుంది.

సోమవారం_సెలవు:

ఆదివారం రాత్రికి స్టార్ట్ అవుతుందా 😄 దించడం అవుతుంది. ఎక్కించడం దగ్గరే ఏదో ఒక పిచ్చి ఓరింగ్ (చిన్న రబ్బరు రింగు) కోసం మొత్తం ఆగిపోతుంది. ఆ వారం ఆఫీసుకి వెళ్లడానికి వేరే దారి చూసుకుని మొదలుపెట్టండి.

డీజిల్_పొగ:

నట్టుబోల్టు గారు చెప్పినదాంట్లో ఒకటి ఒప్పుకోను. అన్ని బళ్లూ పై నుంచి రావు. కొన్నిటికి ఫ్యాక్టరీలోనే సబ్‌ఫ్రేమ్‌తో (ఇంజన్‌ని మోసే కింది చట్రం) సహా కింద నుంచి ఎక్కిస్తారు, వాటిని పై నుంచి లాగాలంటే సగం బండి విప్పాలి. కాబట్టి ముందు ఆ మోడల్ రిపేర్ మాన్యువల్ తెరిచి ఏ దారి చెప్పాడో చూడండి. కింద నుంచే అయితే బాడీని చాలా ఎత్తుకి లేపి సురక్షితంగా నిలబెట్టాలి, లిఫ్ట్ లేని గ్యారేజ్‌లో ఆ పని నేనైతే చెయ్యను.

ఇంకోటి, కొన్న ఇంజన్ "నడిచేది" అని ఎవరు చెప్పారు, అమ్మినవాడేనా? ఆయిల్ మూత తీసి లోపల నల్లటి జిగురు పేరుకుందా చూడండి. స్పార్క్ ప్లగ్గులు తీసి క్రాంక్ బోల్ట్‌కి పానా వేసి రెండు పూర్తి చుట్లు చేత్తో తిప్పండి, ఎక్కడా పట్టెయ్యకూడదు. కంప్రెషన్ (ఒక్కో సిలిండర్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో) చూడాలంటే సెల్ఫ్ మోటార్ తిరగాలి, అది చాలా బళ్లలో బెల్ హౌసింగ్‌కే బిగిస్తారు, అంటే గేర్‌బాక్స్ బిగించాక నేల మీదే బ్యాటరీ పెట్టి చూసుకోవచ్చు. థ్రోటిల్ పూర్తిగా తెరిచి, ప్లగ్గులన్నీ తీసేసి చూడాలి. అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, ఒకటి మిగతావాటి కంటే బాగా తక్కువ చూపిస్తే ఎక్కించే పని ఆపేయండి.

మార్చాల్సినవి అడిగారు. టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజన్ అయితే బెల్ట్, టెన్షనర్, వాటర్ పంప్ కళ్లు మూసుకుని మార్చండి, దాని వయసు ఎంతో ఎవడికీ తెలియదు. క్రాంక్ వెనక ఆయిల్ సీల్ తప్పనిసరి. క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్ మార్చండి, ప్లేట్‌కి ఫ్లైవీల్ (క్రాంక్ చివర ఉండే బరువైన చక్రం) వైపు ఏదో గుర్తు ఉంటుంది, తిరగేసి పెడితే క్లచ్ పని చేయదు. షాఫ్టులు దూరే చోట గేర్‌బాక్స్ సీళ్లు, థర్మోస్టాట్, ప్లగ్గులు, పాతబడిన హోస్ పైపులు, మౌంటింగులు కూడా. ఇవన్నీ ఇంజన్ దించకముందే ఇంట్లో ఉండాలి, సోమవారం_సెలవు చెప్పిన ఓరింగ్ కథ మీది కాకూడదంటే.

మీది బేరింగ్ పోయిన ఇంజన్ కదా, అందులో ఆయిల్ తిరిగిన ప్రతి చోటా లోహపు రజను ఉంటుంది. పాత ఇంజన్ నుంచి ఆయిల్ కూలర్ కానీ ఆయిల్ పంప్ కానీ కొత్తదానికి మార్చకండి. కూలర్‌ని ఎంత కడిగినా లోపలి సందుల్లో ఉన్నది పూర్తిగా రాదు.

పాతబండి_వాడు:

అందరికీ థాంక్స్. మాన్యువల్ చూశాను, పై నుంచే, గేర్‌బాక్స్‌తో కలిపే అని ఉంది. క్రేన్ సంగతి ఫ్రెండ్‌కి చెప్తే మొదట మూతి ముడుచుకున్నాడు, చక్రం బేరింగ్ మాట చెప్పాక ఒప్పుకున్నాడు. దొరికిన ఇంజన్ మా బండి కంటే కొంచెం తర్వాతి సంవత్సరానిది, పక్కపక్కన పెడితే రెండు సెన్సర్ల కప్లర్లు (వైరు తగిలించే ప్లాస్టిక్ కనెక్టర్లు) వేరేగా ఉన్నాయి. వైరింగ్ కోసి అతకాలా? ఏసీ గ్యాస్ కూడా ముందే తీయించాలా?

ఎర్త్‌వైర్:

వైరింగ్ కోయొద్దు మహానుభావా. బ్లాక్, హెడ్ ఒకటే అయితే మీ బండి వైరింగ్, మీ బండి ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) అలాగే ఉంచి, పాత ఇంజన్ మీద ఉన్న సెన్సర్లు, ఇంజెక్టర్లు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (గాలి లోపలికి పంపే గొట్టాల భాగం) కొత్తదానికి మార్చుకోండి. ఈసీయూ మార్చితే ఇమ్మొబిలైజర్ (దొంగతనం కాకుండా ఉండే ఎలక్ట్రానిక్ లాక్) మీ తాళం చెవిని గుర్తుపట్టక ఇంకో తలనొప్పి. ఇవన్నీ ఇంజన్ నేల మీద ఉన్నప్పుడే చేసేయాలి, లోపల కూర్చున్నాక వెనక వైపు కప్లర్ ఒక్కటి అందాలన్నా చేతులు గీసుకుపోతాయి.

ఏసీ గ్యాస్ జోలికే వెళ్లక్కర్లేదు. చాలా బళ్లలో కంప్రెసర్‌ని బోల్టులు విప్పి, పైపులు ఊడదీయకుండా పక్కకి జరిపి తాడుతో బాడీకి కట్టేయొచ్చు. పైపు బరువు మీద వేలాడనివ్వకండి. పవర్ స్టీరింగ్ పంప్ కూడా అంతే. పైపు ఊడదీయక తప్పదనుకుంటే మాత్రం గ్యాస్‌ని మెషీన్ ఉన్నవాళ్ల దగ్గర తీయించండి, గాల్లోకి వదిలితే పర్యావరణానికి చేటు, చర్మం మీద పడితే గడ్డకట్టించేస్తుంది.

పెట్రోల్ లైన్ విప్పే ముందు పెట్రోల్ పంప్ ఫ్యూజ్ పీకండి. మామూలుగా అయితే ఆ తర్వాత ఇంజన్ దానంతటది ఆగిపోయే వరకు నడుపుతారు, కానీ మీ ఇంజన్‌ని ఇంక నడపకూడదు కాబట్టి రెండు మూడు సార్లు సెల్ఫ్ కొడితే చాలు, ప్రెషర్ చాలావరకు పోతుంది. తర్వాత బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, గచ్చు మీదే పరుచుకుంటుంది, గ్యారేజ్‌లో నిప్పు కానీ హీటర్ కానీ ఉండకూడదు. మంటలార్పే సిలిండర్ చేతికందేంత దూరంలో పెట్టుకోండి. తీసిన కూలెంట్‌ని తొట్టిలో తెరిచి వదిలేయకండి, తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ తాగితే చచ్చిపోతాయి.

చివర్లో అందరూ మర్చిపోయేది నా పేరే. ఇంజన్ నుంచి బాడీకి ఉండే ఎర్త్ వైర్ బిగించకపోతే సెల్ఫ్ తిరగదు, లేదా ఆ కరెంటు క్లచ్ కేబుల్‌లోంచి దారి వెతుక్కుని కేబుల్‌నే కాల్చేస్తుంది.

జంట_పానా:

అందరూ బండి గురించి చెప్పారు, ఇద్దరు కలిసి చేయడం గురించి ఎవరూ చెప్పలేదు. ఒక్కడే చేస్తే ఏ బోల్ట్ బిగించాడో వాడికి తెలుసు. ఇద్దరైతే "నువ్వు బిగించావనుకున్నా" అనే మాటే బండిని చంపుతుంది. నాకు తెలిసిన ఒక జంట పనిలో ఫ్లైవీల్ బోల్టులు చేత్తో తిప్పి వదిలేశారు, ఒకడు ఫోన్ కోసం బయటికి వెళ్లాడు, రెండోవాడు ప్రెషర్ ప్లేట్ ఎక్కించేశాడు. కాబట్టి పెయింట్ మార్కర్ ఒకటి కొనుక్కోండి. టార్క్ రెంచ్‌తో (చెప్పినంత బలంతోనే బిగించే పానా) బిగించినవాడే, బిగించిన క్షణంలోనే, బోల్ట్ తల మీద నుంచి పక్క లోహం మీదికి గీత గీయాలి. గీత లేనిది బిగించనట్టే, వాదన లేదు. ఎవరైనా మధ్యలో లేచి వెళ్లాల్సి వస్తే ఆ భాగం గీతలు పూర్తయ్యాకే వెళ్లాలి.

విప్పేటప్పుడు కూడా ఇంతే. బెల్ హౌసింగ్ బోల్టుల పొడవులు ఒకేలా ఉండవు, పొడుగుది పొట్టి రంధ్రంలో వేసి బిగిస్తే అడుగు తన్ని పగులుతుంది. అట్ట ముక్క మీద బెల్ హౌసింగ్ ఆకారం గీసి ఏ బోల్ట్ ఎక్కడిదో అక్కడే గుచ్చండి. ఫోటోలు ఒక్కరి ఫోన్లోనే తీయండి, రెండు ఫోన్లలో సగం సగం ఉంటే వెతుక్కోవడమే సరిపోతుంది.

ఇంజన్ గాల్లో ఉన్నప్పుడు మాట్లాడేది ఒక్కరే, క్రేన్ హ్యాండిల్ దగ్గరున్నవాడు చేసేది ఆ ఒక్కరు చెప్పిందే. "ఆపు" మాత్రం ఎవరైనా అనొచ్చు. కిందికి చెయ్యి, కాలు, తల ఏదీ వెళ్లకూడదు, బోల్ట్ పడిపోయినా సరే. బయటికి వచ్చాక క్రేన్ తోసే ముందు ఇంజన్‌ని నేలకి దగ్గరగా దించేయండి, ఎత్తులో పెట్టుకుని తోస్తే చిన్న రాయి చక్రానికి తగిలినా తూలుతుంది.

నట్టుబోల్టు:

గీత మాట బంగారం. మొదటి స్టార్ట్ గురించి కూడా చెప్పేస్తాను. పంప్ ఫ్యూజ్ పీకి, ప్లగ్గులు తీసి ఉంచి, ఆయిల్ లైట్ ఆరే వరకు కొద్దికొద్ది సెకన్లు సెల్ఫ్ కొట్టండి, మధ్యలో మోటార్‌ని చల్లారనివ్వండి. తర్వాత ప్లగ్గులు బిగించి, ఫ్యూజ్ పెట్టి కీ ఆన్ వరకే తిప్పితే పంప్ లైన్‌లోకి పెట్రోల్ నెడుతుంది, అప్పుడు ఒకరు లైట్ వేసి పెట్రోల్ ఎక్కడైనా చెమ్మగిల్లుతోందా చూడాలి. అది చూశాకే స్టార్ట్, గ్యారేజ్ తలుపు పూర్తిగా తెరిచి. పొగ బయటికి పోయే మానిఫోల్డ్ మీద పడ్డ ఆయిల్ కాలి కాసేపు పొగ వస్తుంది, కంగారు పడకండి. లోపల హీటర్ వేడి వైపు పెట్టి గాలి బుడగలు పోయేదాకా కూలెంట్ నింపుతూ ఉండండి, హీటర్‌లోంచి చల్లగాలే వస్తుంటే ఇంకా గాలి ఉన్నట్టు. బండి కాగితాల్లో ఇంజన్ నంబర్ రాసే చోట ఉంటే ఆ మార్పు కూడా చేయించుకోండి, కొన్న ఇంజన్ రసీదు దాచండి.

పాతబండి_వాడు:

మార్కర్ కొనేశాం, రెండు రంగులు, ఎవరిది వారికి. మావాడు ఇంకా ఆదివారం రాత్రి అనే అంటున్నాడు. ఒక్క డౌట్ మిగిలింది, ఫ్లైవీల్ పాతది వేయాలా, కొత్త ఇంజన్‌తో వచ్చినదా?

డీజిల్_పొగ:

మీ ఇంజన్‌లో క్రాంక్ సెన్సర్ ఫ్లైవీల్ పళ్లనే చదువుతుందేమో ముందు చూడండి. అలా అయితే రెండిటి పళ్ల లెక్కా, ఖాళీ ఉన్న చోటూ ఒకటేనా పోల్చండి, తేడా ఉంటే మీ బండిదే వేయాలి, లేకపోతే సెల్ఫ్ తిరుగుతుంది కానీ బండి అందుకోదు. తేడా లేకపోతే ముఖం నున్నగా, నీలి మచ్చలూ పగుళ్లూ లేకుండా ఉన్నది ఏదైతే అది. బోల్టులు మాత్రం కొత్తవి వేయండి, చాలా ఇంజన్లలో అవి ఒకసారి సాగేలా బిగించే రకం, మళ్లీ వాడేవి కావు.