3జి ప్లేటు మళ్ళీ మళ్ళీ పాడవుతోంది, శుక్రవారం టెస్టు, ఎవరైనా చెప్పండి

కొత్త హెల్మెట్:
పొద్దున తొమ్మిదింటి నుంచి ఇదే పని. మూడు జతల ప్లేట్లు పాడయ్యాయి. వెల్డింగ్ ట్రైనింగ్‌లో చేరి మూడు నెలలు, శుక్రవారం 3జి టెస్టు, అంటే ప్లేట్లు నిలువుగా నిలబెట్టి జాయింట్ వెల్డు చేయాలి. వెల్డింగ్ రాడ్డు ప్లేటుకి తగిలించగానే అతుక్కుపోతోంది. లాగితే హోల్డర్ ఊడి వస్తోంది గానీ రాడ్డు కదలదు. ఎలాగో ఆర్క్ (రాడ్డు కొన దగ్గర మెరుపు) నిలబడితే బీడు, అంటే వెల్డు గీత, నిండా సూదితో పొడిచినట్టు చిల్లులు. ఒక ముక్క కోసి వంచి చూస్తే రూటు (జాయింట్ అడుగు) వైపు నోరు తెరిచింది. కరెంటు 80 ఆంప్స్ పెట్టా, 90 పెట్టా, 110 పెట్టా. ప్లేటు పడుకోబెట్టి ఫ్లాట్‌లో చేసినప్పుడు నా బీడు చూసి ఇన్‌స్ట్రక్టరే మెచ్చుకున్నారు, ఇప్పుడేమైందో అర్థం కావట్లేదు. ఈ సర్టిఫికెట్ ఒక్కటి వస్తే ఇక ఉద్యోగానికి ఢోకా లేదంటున్నారు.

రెండు ముక్కలు:
రాడ్డు ఏది? సైజు? ఏసీనా, డీసీనా? హోల్డర్ ప్లస్‌లో ఉందా, మైనస్‌లోనా?

ఫిట్టర్ బాబాయ్:
బాబూ, నిరుత్సాహపరచాలని కాదు గానీ ఫ్యాబ్రికేషన్ షాపులో చేరిన కుర్రాడికి మొదటి రోజే హోల్డర్ చేతికివ్వరు. గ్రైండర్ ఇస్తారు, కటింగ్ ఇస్తారు, ఆ తర్వాత టాకింగ్, అంటే ముక్కలు కదలకుండా అక్కడక్కడ చిన్న అతుకులు వేయడం. నువ్వు డ్రాయింగ్ చదవగలవా? చట్రం మూలమట్టానికి ఉందో లేదో ఎలా చూస్తావు? మూల నుంచి ఒక అంచున 600, పక్క అంచున 800 మిల్లీమీటర్ల దగ్గర గీత పెట్టు. వాటి మధ్య కొలత సరిగ్గా 1000 రావాలి. వెల్డు చల్లారేటప్పుడు లోహం ముడుచుకుని తన వైపు లాక్కుంటుంది. ఎటు లాగుతుందో ముందే ఊహించి టాక్ వేసేవాడే పనివాడు. బీడు అందంగా వేసి చట్రం వంకర చేసినవాళ్ళని చాలామందిని చూశాను.

కొత్త హెల్మెట్:
బాబాయ్, అవన్నీ తర్వాత నేర్చుకుంటాను, ముందు శుక్రవారం గట్టెక్కాలి. రాడ్డు మామూలుదేనండీ. సైజు 2.5, 3.15 ఎం.ఎం. రెండూ. మెషీన్ సెంటర్‌లో ఉన్న డీసీదే.

రెండు ముక్కలు:
మామూలు రాడ్డు అని ఏదీ లేదు. పట్టుకునే చివర పూత మీద అంకె ఉంటుంది.

అద్దం నంబరు 11:
చిల్లులు అన్నారు కాబట్టి అడుగుతున్నా, ప్లేటు గాల్వనైజ్డ్ (జింక్ పూత వేసినది) కాదు కదా? జింక్ పొగ పీలిస్తే అదే రోజు రాత్రి జ్వరం, చలి, ఒళ్ళు నొప్పులు. దాన్నే మెటల్ ఫ్యూమ్ ఫీవర్ అంటారు. పూత గ్రైండ్ చేయకుండా వెల్డు చేయొద్దు. గ్రైండింగ్‌కి హెల్మెట్ ఎత్తి ఉత్త కళ్ళతో వంగే అలవాటు ఉంటే ఇవాళే మానేయండి, కళ్ళజోడు తప్పనిసరి.

కొత్త హెల్మెట్:
మామూలు ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) ప్లేటు, 10 ఎం.ఎం. అంకె చూశాను: 7018. ఇన్నాళ్ళూ 6013తో చేశాం, టెస్టుకి ఇది వాడాలన్నారు. రెండూ రాడ్డులే కదా అని రాయలేదు.

చేతిమచ్చ:
అదీ విషయం! తమ్ముడూ, 6013కి రూటైల్ పూత. ఆర్క్ కాస్త పొడుగైనా, హోల్డర్ ఏ వైపు ఉన్నా సర్దుకుపోతుంది. 7018 లో-హైడ్రోజన్ రాడ్డు, దానికి అంత ఓర్పు లేదు. ఆర్క్ బాగా పొట్టిగా, పూత దాదాపు కరిగిన లోహపు గుంటకి ఆనేంత దగ్గరగా పట్టాలి. పైకీ కిందికీ ఊపావంటే చిల్లులే. రాడ్డు ఆపి మళ్ళీ వెలిగించేటప్పుడు కొన మీద గాజులాంటి స్లాగ్ (కరిగి గట్టిపడిన పూత) ఉంటుంది, రాలగొట్టు. ఆపిన చోటికి కొంచెం పైన, జాయింట్ లోపలే వెలిగించి వెనక్కి వచ్చి, ఆ మొదలుని కరిగించుకుంటూ పైకి వెళ్ళు. పోలారిటీ రివర్స్‌లో పెట్టు.

ఇంకో మాట, ప్యాకెట్ ఎప్పుడు తెరిచారు?

కొత్త హెల్మెట్:
నేను చేరినప్పటి నుంచీ రాక్ మీద తెరిచే ఉంది. హోల్డర్ మైనస్‌లో ఉంది, 6013 అలాగే కాల్చాం. మైనస్ అంటే రివర్సే కదా?

వెలుగుల వేలు:
కాదు. హోల్డర్ మైనస్‌లో ఉంటే స్ట్రెయిట్, ప్లస్‌లో ఉంటే రివర్స్.

ఫిట్టర్ బాబాయ్:
మా షాపులో హోల్డర్ ప్లస్‌నే స్ట్రెయిట్ అనేవాళ్ళం. ముప్పై ఏళ్ళుగా.

వెలుగుల వేలు:
అయితే ముప్పై ఏళ్ళుగా తప్పే అంటున్నారు బాబాయ్. పుస్తకం తీసి చూడండి.

రెండు ముక్కలు:
హోల్డర్ ప్లస్. ఎర్త్ మైనస్. పేరు మీ ఇష్టం.

వెలుగుల వేలు:
అది ఎర్త్ కాదు, వర్క్ రిటర్న్ కేబుల్. ఎర్తింగ్ వేరు. ఈ పేర్ల గందరగోళం వల్లే తీగతో చేసే వెల్డింగ్‌ని కార్బన్ డయాక్సైడ్ గ్యాస్‌తో చేసి దాన్ని కూడా మిగ్ అంటున్నారు. అది మాగ్. మిగ్ అంటే ఆర్గాన్ లాంటి జడవాయువుతో చేసేది.

ఫిట్టర్ బాబాయ్:
మాగ్ అని అడిగితే ఏ స్టోర్‌లోనూ ఎవరికీ అర్థం కాదు.

చేతిమచ్చ:
కొత్త హెల్మెట్, వీళ్ళని వదిలెయ్. తెరిచిన 7018 గాలిలోని తేమ పీల్చుకుంటుంది. ఆ తేమ నుంచి వచ్చే హైడ్రోజన్‌తోనే చిల్లులు, పగుళ్ళు. కొత్త ప్యాకెట్ అడుగు, తెరిచాక కనీసం 120 డిగ్రీల ఓవెన్‌లో ఉంచాలి. పాతవే దిక్కైతే ప్యాకెట్ మీద రాసిన వేడిలో మళ్ళీ కాల్చాలి, సాధారణంగా 260 నుంచి 430 డిగ్రీల మధ్య, రెండు గంటలు. అలా అని 6010 అనే ఇంకో రకం రాడ్డుని ఓవెన్‌లో పెట్టకు, దానికి తేమ కొంత ఉండాలి, పాడైపోతుంది.

రూటు తెరుచుకుందన్నావు. జాయింట్ వెనక ఆనించే బ్యాకింగ్ స్ట్రిప్ (ఇనుప పట్టీ) ఉందా? రెండు ప్లేట్ల మధ్య గ్యాప్ ఎంత పెట్టావు?

కొత్త హెల్మెట్:
బ్యాకింగ్ లేదు, ఓపెన్. ఎక్కువ పెడితే లోహం కారిపోతుందని ఒక ఎం.ఎం. పెట్టా.

చేతిమచ్చ:
ఒక మిల్లీమీటరులో రూటు ఎలా కలుస్తుంది! రెండున్నర నుంచి మూడు పెట్టు, రూట్ ఫేస్ (అంచు అడుగున ఏటవాలు తీయకుండా వదిలే మందం) ఒకటి, ఒకటిన్నర. 2.5 రాడ్డు, 75-80 దగ్గర మొదలుపెట్టు, కింద నుంచి పైకి. రాడ్డు ముందు చిన్న తాళంచెవి రంధ్రంలా కరుగుతూ కనబడాలి. కనబడకపోతే వెనకవైపు కలవనట్టే, బీడు ఎంత బాగున్నా వంచితే అక్కడే విప్పుకుంటుంది.

అద్దం నంబరు 11:
సర్టిఫికెట్‌తో ఢోకా లేదన్నారు, అదొక అపోహ. ఏఎస్ఎంఈ సెక్షన్ 9 (వెల్డర్ల అర్హతకి అమెరికన్ కోడ్) ప్రకారం ఆ ప్రాసెస్‌తో ఆరు నెలలు వెల్డు చేయకపోతే ఆ అర్హత పోతుంది. ప్లేటు మీద 3జి పాసైతే ఫ్లాట్, వర్టికల్ చేయొచ్చు, తలపైన చేసే 4జికి అది పనికిరాదు. మళ్ళీ టెస్టు.

వెలుగుల వేలు:
చేరేటప్పుడు చాలాచోట్ల వాళ్ళే ఇంకో టెస్టు ప్లేటు ఇస్తారు. కాబట్టి కాగితం కంటే చెయ్యి ముఖ్యం.

కొత్త హెల్మెట్:
హోల్డర్ ప్లస్‌కి మార్చాను. అతుక్కోవడం ఆగింది. చిల్లులు కొంచెం ఉన్నాయి, రేపు కొత్త ప్యాకెట్ అడుగుతా. గ్యాప్ ఇంకా చూడలేదు, ప్లేట్లు అయిపోయాయి. థాంక్స్ అన్నా.

ఫిట్టర్ బాబాయ్:
అంతా బానే ఉంది గానీ, ఆ 600, 800 లెక్క ఒకసారి చేసి చూడు బాబూ.

వెలుగుల వేలు:
మాగ్ గురించి ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు.