వెన్నుపాముకు రక్తం ఆగితే నరాల కణాలు అప్పటికప్పుడే చనిపోతాయా, రోజుల మీదా?

వెన్నెల: ఛాతీలో ఉబ్బిన బృహద్ధమనికి (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం) ఆపరేషన్ అయ్యాక మా నాన్న రెండు రోజులు కాళ్లు బాగానే ఆడించారు. మూడో రోజు పొద్దున కదలిక లేదు. "ఆపరేషన్‌లో వెన్నుపాముకు రక్తం ఆగినప్పుడే కణాలు పోయాయి" అన్నారు ఆసుపత్రివాళ్లు. పోయిన కణాలతో రెండు రోజులు కాళ్లెలా ఆడాయి?

కిరణ్77: రక్తం ఆగితే నిమిషాల్లో కణానికి శక్తినిచ్చే ఏటీపీ అయిపోతుంది, నరకణాల మధ్య సంకేతాలు మోసే గ్లుటమేట్ బయటికి పొంగుతుంది, కాల్షియం లోపలికి తోసుకొస్తుంది, కణం ఉబ్బి పగిలిపోతుంది. దీన్నే నెక్రోసిస్ అంటారు. ఇందులో రోజుల లెక్కేముంది?

వెన్నెల: ఉందండీ. కుందేళ్ల వెన్నుపాముకు 15 నిమిషాలు రక్తం ఆపి వదిలిన ప్రయోగాల్లో మోటార్ న్యూరాన్లు (కండరాలను కదిలించే నరకణాలు) మొదట్లో చెక్కుచెదరకుండా కనిపించాయి, వారం తిరిగేసరికి చాలావరకు లేవు.

కిరణ్77: అపోప్టోసిస్, అంటే కణం తనను తానే చంపుకోవడం అంటారు, అంతేనా? పరీక్షలో డీఎన్‌ఏ ముక్కలైనట్టు రంగు మరక పడితే సరిపోదు, నెక్రోసిస్‌లోనూ ఆ మరక పడుతుంది. 1972లో కెర్, విల్లీ, కర్రీ అనే శాస్త్రవేత్తలు అపోప్టోసిస్ అని పేరు పెట్టింది కణం కుంచించుకుపోయే ఆకారం చూసి. ఆ ఆకారం చూపించండి.

పాత_పాఠకుడు: ఆవిడ అడిగింది పేరు గురించి కాదు.

నైట్‌డ్యూటీ: ఐసీయూలో పనిచేస్తాను. వెన్నుపాముకు రక్తం అందించే ఒత్తిడి అంటే సగటు బీపీలోంచి వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం ఒత్తిడి తీసేస్తే మిగిలేది. ఆపరేషన్‌లో సగం దెబ్బతిన్న కణాలకు తర్వాత బీపీ పడిపోతే అది రెండో దెబ్బ. అందుకే కాళ్లు బలహీనపడగానే బీపీ పెంచి, నడుములో పెట్టిన గొట్టంతో ద్రవం తీస్తాం. కొందరికి కదలిక తిరిగొస్తుంది. ఆ రాత్రి బీపీ ఎంతుందో తెలుసా?

వెన్నెల: పడిపోయింది. కాళ్లు బరువెక్కాయని ఆయన అంటే నేనే వెళ్లి చెప్పాను, మత్తు వల్ల అన్నారు, తెల్లారేదాకా ఎవరూ రాలేదు. కిరణ్ గారూ, అన్నీ ఆపరేషన్‌లోనే పోయాయంటే ఆ రాత్రికి ఎవరూ జవాబు చెప్పక్కర్లేదు, మీరు వాళ్ల మాటే చెబుతున్నారు!

కిరణ్77: నేనెవరి తరఫునా రాలేదు. మా అమ్మకు ఇలాగే కాళ్లు పడిపోతే "కణాలింకా బతికే ఉన్నాయి" అని ఏడాది పాటు ఇంజెక్షన్లు అమ్మారు. మెల్లగా చనిపోతాయి అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

వెన్నెల: నేను ఏడాది సంగతి అనట్లేదండీ. ఆ కొన్ని గంటలు.

కిరణ్77: గంటలంటే... సరే, అది కాదనలేను.

నైట్‌డ్యూటీ: కాళ్ల కదలిక గంటగంటకీ రాసే చార్ట్ ఉంటుంది, కాపీ అడిగారా?

వెన్నెల: తీసుకున్నాను. రాత్రి 11 నుంచి పొద్దున 6 దాకా ఖాళీగా ఉంది.