పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు: ఆస్తా, తడిసి మోపెడయ్యే ఖర్చా?

కావెంట్రీ_కుర్రాడు:
అందరికీ నమస్కారం. 80 వేల పౌండ్ల దాకా దాచాను. జాగ్వార్ ఇ-టైప్ కొనాలని ఉంది. 1961లో సుమారు 2,100 పౌండ్లకు అమ్మిన కారు, ఇప్పుడు ఎన్ని రెట్లు పలుకుతోందో చూడండి. బ్రిటన్‌లో సొంత కారు అమ్మితే వచ్చే లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. 40 ఏళ్లు దాటిన బండికి రోడ్డు పన్ను కట్టక్కర్లేదు. పెద్ద మార్పులు చేయకపోతే ఎంఓటీ (ఏటా చేయించాల్సిన బండి ఫిట్‌నెస్ పరీక్ష) కూడా అక్కర్లేదు. షేర్ల కన్నా ఇది మేలు కాదా? మా ఆవిడ మాత్రం ముందు ఇల్లు కొందామంటోంది.

లెక్కల_పద్దు:
తమ్ముడూ, మీ ఆవిడ మాట విను. పన్ను లేకపోవడం లాభం వచ్చినప్పుడే పనికొస్తుంది. నష్టం వస్తే దాన్ని వేరే లాభాల్లోంచి తీసేసుకునే వీలు కూడా ఉండదు.

లెక్క వేద్దాం. 80 వేలకు కొన్నావనుకో. ఇన్సూరెన్స్, గ్యారేజీ అద్దె, సర్వీసింగ్ కలిపి ఏడాదికి 3 వేలు అనుకుందాం. పదేళ్లకు 30 వేలు. అదే 80 వేలు 4 శాతం చక్రవడ్డీకి వేస్తే పదేళ్లకు 1,18,000 దాటుతుంది. అంటే కారు 1,48,000కు అమ్ముడైతేనే డిపాజిట్‌తో సమానం. వేలంలో కమిషన్ వేరే.

1980ల చివర కూడా ఇలాగే ఎగబడ్డారు. కారు చూడకుండానే అప్పు చేసి కొన్నవాళ్లున్నారు. వడ్డీ రేట్లు 15 శాతానికి చేరాక ఇ-టైప్ ధరలు కుప్పకూలాయి. కోలుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

అబింగ్‌డన్_అభిమాని:
పద్దు గారూ, అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. ఎంజీ కంపెనీ స్పోర్ట్స్ కారు ఎంజీబీ సంగతి చూడండి. 1962 నుంచి 1980 దాకా 5 లక్షలకు పైగా తయారయ్యాయి. అన్ని ఉన్నాయి కాబట్టి ధర ఆకాశానికి అంటదు, నేలకూ పడదు. ప్రతి పార్టూ దొరుకుతుంది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు కొత్త బాడీషెల్ (కారు ఖాళీ బాడీ) కూడా తయారుచేస్తున్నారు. ఒక్క విషయం గమనించాలి. 1974 చివర్లో అమెరికా నిబంధనల కోసం నల్ల రబ్బరు బంపర్లు పెట్టి, కారు ఎత్తు పెంచారు. అంతకుముందటి క్రోమ్ బంపర్ల బండికే గిరాకీ ఎక్కువ. ఓవర్‌డ్రైవ్ (వేగంగా పోయేటప్పుడు ఇంజిన్ నెమ్మదిగా తిరిగేలా చేసే అదనపు గేరు) ఉంటే ఇంకా మంచిది.

పానా_చేతిలో:
నేను పాత బ్రిటిష్ కార్ల వర్క్‌షాపులో పనిచేస్తాను. మీరంతా మోడల్ గురించి మాట్లాడుతున్నారు. ధరను తేల్చేది బండి కండిషన్.

ఆమధ్య ఒకాయన ఎర్రటి ఇ-టైప్ తెచ్చారు. పెయింట్ అద్దంలా ఉంది. డోరు కింద సిల్ దగ్గర మ్యాగ్నెట్ పెడితే అంటుకోలేదు. రేకు మీద వేలి మందాన పుట్టీ ఉంది. గీకితే కింద తుప్పు, పాత రేకు మీద రేకు అతికించిన టింకరింగ్. ఇ-టైప్‌లో మధ్య భాగం మోనోకాక్, అంటే బాడీ రేకులే బరువు మోస్తాయి. దానికి ముందు గొట్టాల ఫ్రేమ్‌ను బోల్టులతో బిగిస్తారు. సిల్స్ పోయాయంటే కారు నడుమే విరిగినట్టు. ఆయన కొన్న ధరకు దగ్గరగా రిపేరు ఖర్చు తేలింది. కూర్చుని తల పట్టుకున్నారు, నాకే బాధేసింది.

అందుకే మంచి పెయింట్ ఉన్న బండి కన్నా, పాత బిల్లులూ రిపేరు ఫోటోలూ ఉన్న బండికి ఎక్కువ ఇవ్వండి. హెరిటేజ్ సర్టిఫికెట్ (కారు తయారైనప్పటి వివరాలుండే పత్రం) తెప్పించి ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు సరిపోల్చండి. మొదటి ఇ-టైప్‌లలో నేల చదునుగా, బానెట్ తాళాలు బయటి వైపు ఉంటాయి. వాటికి పలికే ధర వేరే లోకం. వెనక రెండు చిన్న సీట్లుండే 2+2 మోడల్ వాటికన్నా చాలా చవక. పేరు ఒకటే అయినా ధర ఒకటి కాదు.

భాగ్యనగర్_బండి:
ఇండియాకు 50 ఏళ్లు దాటిన కార్లు తెచ్చుకోవడానికి 2025లో అనుమతి వచ్చింది కదా. మనవాళ్లు కొనడం మొదలుపెడితే ధరలు పెరగవా?

లెక్కల_పద్దు:
దిగుమతి సుంకాలు తక్కువేం కాదు. పైగా మన దగ్గర వింటేజ్ రిజిస్ట్రేషన్ బండిని రోజూ తిప్పకూడదు, ప్రదర్శనలకూ ర్యాలీలకూ మాత్రమే. ఆ కొద్దిమంది కోసం ధరలు కదలవు.

నా అసలు భయం వేరు. ఇ-టైప్‌ను చిన్నప్పుడు గోడ మీద పోస్టర్‌గా చూసి పెరిగినవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. వాళ్లు అమ్మేస్తున్నారు. నలభైల్లో ఉన్నవాళ్లకు ఆశ 1980, 90ల కార్ల మీద ఉంది. అమ్మేవాళ్లు ఎక్కువై కొనేవాళ్లు తక్కువైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అబింగ్‌డన్_అభిమాని:
దీనితో ఏకీభవించను. మా క్లబ్ మీట్‌లకు పాతికేళ్ల పిల్లలు వస్తున్నారు. కంప్యూటర్ లేని కారును సొంతంగా విప్పి బిగించుకోవాలని వాళ్లకు ఆశ. ధర అందుబాటులో ఉంటే కొంటారు. ధర తగ్గితే మంచిదే, కొత్తవాళ్లు వస్తారు.

కావెంట్రీ_కుర్రాడు:
ఇల్లు కొనడానికి ముందుగా కట్టాల్సిన డబ్బును ముట్టుకోను. క్రోమ్ బంపర్ ఎంజీబీ చూస్తాను, పానా అన్నా, వచ్చి చూస్తారా?

పానా_చేతిలో:
తప్పకుండా. చూసేదాకా అడ్వాన్స్ ఇవ్వకు. బండిని జాకీ మీద ఎత్తనివ్వనంటే అక్కడి నుంచి వచ్చేద్దాం.

లెక్కల_పద్దు:
ఎంజీబీ అయితే నాకు అభ్యంతరం లేదు. కానీ పెట్టుబడి పద్దులో రాయకు.

అబింగ్‌డన్_అభిమాని:
పద్దు గారూ, అయిదేళ్ల తర్వాత కొన్న ధరకే అమ్ముకోగల కొత్త కారు ఒక్కటి చూపించండి, అప్పుడు ఒప్పుకుంటా.