దానమిచ్చిన పుస్తకాలన్నీ తీసుకోవాలా?

పెన్నాతీరం:
తీసుకోకూడదనే నా మాట. పిల్లల గ్రంథాలయానికి పుస్తకాలివ్వమని ఊళ్లో అడిగితే ముందు వచ్చిపడేవి సిలబస్ మారిపోయిన పాఠ్యపుస్తకాలు, పోటీపరీక్షల గైడ్లు, లావుపాటి ఇంగ్లీషు నవలలు. మూడో తరగతి పిల్ల కూడబలుక్కుని చదవగలిగేవి మూటకు నాలుగుంటే గొప్ప. బీరువా నిండుతుంది, చదవడం మాత్రం రాదు. ఏం కావాలో రాసిచ్చి మరీ అడగాలి: పెద్ద అక్షరాలు, బొమ్మలు, పేజీకి రెండు మూడు వాక్యాలు.

గుండ్లకమ్మ:
మొహం మీదే వద్దంటే ఇచ్చేవాళ్లు మళ్లీ గడప తొక్కరన్నా. తీసుకునేటప్పుడే చెప్పండి, పిల్లలకు పనికిరానివి తూకానికేసి ఆ డబ్బుతో బొమ్మల పుస్తకాలు కొంటామని. ఎంత వచ్చిందో, ఏం కొన్నారో రిజిస్టర్‌లో రాసి చూపిస్తే ఎవరూ నొచ్చుకోరు. పాత పత్రికలను మాత్రం తూకానికి వేయొద్దు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయానికి పరిశోధకులు వెతుక్కుంటూ వెళ్లేది అట్లాంటివాటి కోసమే. ముందు ఆ గ్రంథాలయం వాళ్లనడగండి.

పెన్నాతీరం:
పత్రికల సంగతి సరే. మూటలు గదిలోకి తేవడమే అసలు ప్రమాదం. మన తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. చెమ్మ పట్టిన పుస్తకం ఒక్కటి లోపలికొచ్చినా బూజు పక్కవాటికి పాకుతుంది. వసారాలోనే ఒక్కోటీ తెరిచి, దులిపి, వెన్ను దగ్గర పురుగుందేమో చూడాలి. ఇనుప ర్యాకులైతే మేలు, చెక్కకు చెదలు పడతాయి. గోడకు నాలుగంగుళాలు ఎడంగా, అన్నిటికన్నా కింది అర నేలకు ఆరంగుళాల పైన ఉండాలి. పాలిథిన్ కవర్లలో బిగించొద్దు, లోపల తేమ నిలుస్తుంది. పిల్లలు తిరిగే గదిలో కలరా ఉండలు అసలే వద్దు, అవి విషం.

సింగరాయకొండ పాఠకుడు:
ఇద్దరూ పుస్తకాలను అరల్లో పెట్టడం దాకా వచ్చి ఆగారు. వెన్ను మాత్రమే కనబడేలా పేరిస్తే చదవడం రాని పిల్ల దేన్ని తీస్తుంది? గోడకు తాడు కట్టి, బట్టల క్లిప్పులతో అట్టబొమ్మ కనబడేలా వేలాడదీయండి. అక్షరాలు, పదాలు, వాక్యాలు, కథ అని నాలుగు మెట్లకు నాలుగు రంగుల స్టిక్కర్లు. ఒక పేజీలో ఐదు మాటల దగ్గర తడబడితే కింది మెట్టు పుస్తకం ఇవ్వాలి.

పుస్తకాలు చాలకపోతే స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితం. రచయిత, చిత్రకారుల పేర్లు, లైసెన్సు వివరం ఉంచితే అచ్చువేసుకోవచ్చు. ఏ4 కాగితం సగానికి మడిస్తే నాలుగు పేజీలు, కాబట్టి మొత్తం నాలుగు గుణిజాల్లో ఉండేలా చూసుకోండి. మామూలు స్టేప్లర్ మధ్య మడత దాకా అందదు. సూదీదారంతో మూడు చోట్ల కుట్టండి.

గుండ్లకమ్మ:
తాడు, కుట్టు రెండూ బాగున్నాయి. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మనం కడుతున్నదే. కొత్త పుస్తకాల కోసం జిల్లా గ్రంథాలయ సంస్థకూ అర్జీ పెట్టండి. తూకం మీద మాత్రం నా మాట మారదు.