మా ఇల్లు ఒకప్పటి గాలిమర, దాని వయసు తెలుసుకోవడం ఎలా?

నమస్కారం అండీ. ఇంగ్లండ్‌లో ఒక పాత గాలిమరలోకి ఈమధ్యే కాపురం మారాం. ఇటుకలతో కట్టిన బురుజు. ఎప్పుడో రెక్కలు తీసేసి ఇల్లు చేశారు. గడప ముందు పరిచింది తిరగలి రాయే, చెప్పుల్లేకుండా నడిస్తే గంట్లు అరికాలికి తగులుతాయి. దాన్ని తొక్కాలంటే మనసొప్పదు.

పై అంతస్తులో రెక్కల ఇరుసు అలాగే ఉంది. ఇనుముది, ఈ చివర నుంచి ఆ చివర దాకా బోలుగా రంధ్రం. 1807లో విలియం క్యూబిట్ పేటెంట్ తీసుకున్న రెక్కలకు ఇలాంటి రంధ్రం గుండానే కడ్డీ వెళ్తుంది. మర ఆపకుండానే రెక్కల పలకలు తెరవడానికి, మూయడానికి అది. అంటే ఇరుసు 1807 తర్వాతిదే అనుకుంటున్నాను. కానీ పాత మరలకు కూడా కొత్త ఇరుసులు బిగించేవారు కదా, మరి బురుజు వయసు ఎలా తేల్చాలి? ఇటుకల కొలత, దూలాల అతుకులు చూసి చెప్పొచ్చా?

ఇంకోటి, ఇల్లుగా ఎప్పుడు మారిందో పాత మ్యాపుల్లో దొరుకుతుందా, అమ్మకం దస్తావేజుల్లోనా? ఇలాంటి ఇంటి చరిత్ర తవ్వినవాళ్లుంటే ముందు ఏవి చూడాలో దయచేసి చెప్పండి. ఆ ఇరుసుకు రంగు వేయిద్దామని ఇంట్లో అంటున్నారు, అంతవరకు ఆపమన్నాను.