వెండి రూపాయల పక్కన ఇత్తడి బిళ్లను ఎందుకు దాచుకున్నారు?

చిక్కడపల్లి చదువరి:

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారు గత ఏడాది కాలం చేశారు. ఆయన ఒక నూలు మిల్లులో 31 సంవత్సరాలు పనిచేసి, అది మూతపడ్డాక చిక్కడపల్లిలో చిన్న కిరాణా దుకాణం నడిపారు. సంవత్సరీకం అయిన తరువాత బీరువా సర్దుతుంటే బట్టల అడుగున ఒక పాత బిస్కెట్ల డబ్బా దొరికింది. అందులో చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం కాలపు వెండి రూపాయలు ఏడు, గుప్పెడు రాగి పైలు, ఆరు పలకల మూడు పైసల బిళ్లలు, తామర పువ్వు ఉన్న పసుపుపచ్చని ఇరవై పైసల నాణేలు ఉన్నాయి. ఇవన్నీ డబ్బాలో విడిగానే పడి ఉన్నాయి. ఒక్కదానిని మాత్రం ఆయన పంచె గుడ్డలో చుట్టి దారంతో కట్టి ఉంచారు. విప్పి చూస్తే అది గుండ్రటి ఇత్తడి బిళ్ల. పైన మేకుకు తగిలించే చిల్లు, మధ్యలో 418 అనే అంకె తప్ప దానిపై ఇంకేమీ లేదు. ఏళ్ల తరబడి మేకుకు రాసుకుని చిల్లు పై అంచు ఎంత అరిగిందంటే, ఇంకొంచెం అరిగితే తెగిపోయేలా ఉంది.

చార్మినార్ దగ్గర ఒక వ్యాపారికి డబ్బా చూపించాను. ఆయన వెండి రూపాయలను తూచి ధర చెప్పి, ఇత్తడి బిళ్లను వేలితో పక్కకు జరిపారు. ఆ వేలి కదలిక నా మనసులో ఉండిపోయింది. వ్యాపారి పక్కన పెట్టినదాన్నే మా నాన్నగారు గుడ్డలో చుట్టుకున్నారు కదా! అసలు మనుషులు నాణేలను, బిళ్లలను దేనిని చూసి ఎంచుకుంటారు? విలువనా, పాతదనాన్నా, మరింకేదైనా ఉందా? ఎన్నో ఏళ్లుగా సేకరిస్తున్నవారు తమ అనుభవం చెబితే కృతజ్ఞుడినై ఉంటాను. రాగి పైలు నల్లబడి ఉన్నాయి కనుక వాటిని శుభ్రం చేయవచ్చునా అన్నది కూడా దయచేసి తెలుపగలరు.

నక్షత్రం గుర్తు:

ముందుగా మీ రెండో ప్రశ్నకు జవాబు. దయచేసి శుభ్రం చేయకండి. నేను పదమూడేళ్ల వయసులో, మా తాతగారు ఇచ్చిన రెండు పైల రాగి నాణేన్ని ఇత్తడి చెంబు తోమినట్టే చింతపండు, ఉప్పు వేసి తోమాను. నాణెం తళతళలాడింది గాని, దానిపైన అల్లికలా ఉండే తుగ్రా (పాలకుని పేరును అలంకారంగా రాసే ముద్ర) గీతలు మొద్దుబారిపోయాయి. ఆ నలుపు మురికి కాదు, ఏళ్ల మీద ఏర్పడిన పొర. అది లోహానికి రక్షణ. ఆ నాణెం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది.

ఇక మొదటి ప్రశ్న. నేను హైదరాబాద్ టంకశాలలో ముద్రించిన నాణేలు తప్ప మరేవీ సేకరించను. సంవత్సరం అంకె కింద అయిదు కోణాల చిన్న నక్షత్రం ఉంటే అది మన ఊరి నాణెం, వజ్రం ఆకారం ఉంటే ముంబయిది, చిన్న చుక్క ఉంటే నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. చిన్నప్పుడు నల్లకుంటలో పాల బూత్ దగ్గర చిల్లర తీసుకుంటూ ఉంటే, మా మేనమామ ఖడ్గమృగం బొమ్మ ఉన్న పావలాను తిప్పి, ఆ నక్షత్రాన్ని గోటి కొనతో చూపించి, "ఇది సైఫాబాద్‌లో పుట్టిందిరా" అన్నారు. అప్పటివరకు నాకు పావలా అంటే రెండు బిళ్లల చాక్లెట్లు. ఆ క్షణం నుంచి అది మా ఇంటికి అయిదు కిలోమీటర్ల దూరంలో తయారైన వస్తువు అయింది. 1903 నుంచి సైఫాబాద్‌లో నడిచిన ఆ టంకశాల 1997లో చర్లపల్లికి తరలిపోయింది. పాత భవనంలో 2022లో మ్యూజియం తెరిచారు. అక్కడి ముద్రణ యంత్రాల ముందు నేను చాలాసేపు నిలబడ్డాను.

ఒక హద్దు పెట్టుకోనిదే సేకరణ నిలవదని నా అనుభవం. ప్రపంచంలోని నాణేలన్నీ కావాలనుకున్నవాడు ఏడాదికే విసిగిపోతాడు. ఒక్క నక్షత్రాన్ని పట్టుకున్నవాడికి ప్రతి చిల్లరలోనూ వెతకడానికి ఏదో ఒకటి ఉంటుంది. 2011 జూన్ 30తో పావలా, అంతకంటే చిన్న నాణేలు చెల్లుబాటు కోల్పోయినప్పుడు, జుమ్మెరాత్ బజారులో వాటిని కిలోల లెక్కన అమ్మారు. నేను నాలుగు కిలోలు కొని, నెల రోజులపాటు రాత్రిళ్లు భూతద్దంతో ఏరుకున్నాను. లేని సంవత్సరాలను ఎవరి దగ్గరైనా డబ్బు పెట్టి కొనవచ్చు గాని, అలా కొన్నదానిపై నాకు అంత మమకారం కలగలేదు.

కాచిగూడ పాఠకురాలు:

పై సభ్యులు చెప్పినది సేకరించేవారి మాట. చదువరి గారి నాన్నగారు చేసినది సేకరించడం కాదు, దాచుకోవడం. ఈ రెండింటికీ తేడా ఉందని నాకు అనిపిస్తుంది. సేకరించేవారికి లేనివాటి మీద దృష్టి ఉంటుంది. దాచుకునేవారికి ఉన్నదొక్కటే చాలు, దాని జతను వారు ఎన్నడూ వెతకరు.

మా అమ్మమ్మ పూజా మందిరంలో ఒక రామటెంక ఉండేది. ఒకవైపు సీతారాముల కొలువు, మరొకవైపు విల్లంబులు పట్టుకుని అడవికి నడుస్తున్న రామలక్ష్మణులు. అది ఏ కాలంలోనూ అంగడిలో చెల్లిన నాణెం కాదు, భక్తితో ఇంట్లో పెట్టుకోవడానికే చేసిన బిళ్ల. ఆవిడ దానికి రోజూ గంధం పెట్టేవారు, బొమ్మలు గంధం కిందే అరిగిపోయాయి. మా పక్కింటి బీబీ గారు, కొడుకు దుబాయి వెళ్లేటప్పుడు ఒక రూపాయిని పచ్చ గుడ్డలో చుట్టి ఇమామ్ జామిన్‌గా అతని కుడిచేతికి కట్టారు. క్షేమంగా చేరాక ఆ డబ్బును దానం చేయడం వారి పద్ధతి. ఆ కుర్రవాడు దానికి బదులు వేరే డబ్బు దానం చేసి, కట్టిన రూపాయిని మాత్రం ఇప్పటికీ తన పాస్‌పోర్టుతో పాటే ఉంచుకున్నాడు.

అందుకే మీ నాన్నగారి మూట నాకు వింతగా లేదు. పసుపుపచ్చని ఇరవై పైసలను ఎంతోమంది బంగారం కలిసిందన్న నమ్మకంతో దాచారు. 1968 నుంచి 1971 వరకు వచ్చిన ఆ నాణేల్లో బంగారం లేదు, అల్యూమినియం కంచు మాత్రమే ఉంది. వాటిని ఆశ దాచింది. ఇత్తడి బిళ్లను ఎవరూ ఆశతో దాచరు కదా.

మరొక్క విన్నపం. ఈస్టిండియా కంపెనీ పేరు, 1818 అనే అంకె, హనుమంతుడి బొమ్మ ఉన్న అర్ధణాలకు లక్షలు వస్తాయని, బియ్యపు గింజలను లాగుతాయని చెప్పేవారు మీ దగ్గరకు రావచ్చు. కంపెనీ అటువంటి నాణేలు ముద్రించలేదు. 2021లో రిజర్వ్ బ్యాంకు కూడా పాత నాణేల కొనుగోళ్లకు తన పేరు వాడుకునే మోసగాళ్ల గురించి ప్రజలను హెచ్చరించింది. మా దూరపు బంధువు ఒకరు ఆ గింజల మాట నమ్మి ఇల్లు తాకట్టు పెట్టారు.

శాసనాల విద్యార్థి:

పాఠకురాలు గారి విభజన నాకు నచ్చింది గాని, దానితో పూర్తిగా ఏకీభవించలేను. దాచుకున్నవారి వల్లనే సేకరణలు, సేకరణల వల్లనే చరిత్ర నిలిచిన సందర్భాలు మన దగ్గరే ఉన్నాయి. ఇప్పటి జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో దొరికిన చిన్న చిన్న నాణేలను పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు చదివి వెలుగులోకి తెచ్చారు. వాటిపై శాతవాహన రాజు చిముకుని పేరుతో పాటు గోబద, నారన, కంవాయ, సమగోప అనే పేర్లు కూడా కనిపించాయి. పాత తూటు గిన్నెల లోహమనుకుని ఎవరైనా వాటిని కరిగించి ఉంటే, ఆ నలుగురు ఉన్నారన్న సంగతే మనకు అందేది కాదు.

చదువరి గారి వెండి రూపాయల గురించి కూడా ఒక మాట. చార్మినార్ ద్వారం మధ్యలో ఒక ఉర్దూ అక్షరం ఉంటుంది, గమనించండి. 'మీమ్' ఉంటే అది మహబూబ్ అలీ ఖాన్ కాలానిది, 'ఐన్' ఉంటే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. వెనుకవైపు నగరాన్ని 'ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్' అని, అంటే శుభమైన పునాది గల హైదరాబాద్ అని పేర్కొన్నారు. ఈ హాలీ సిక్కా, అంటే నిజాం సొంత నాణెం, రూపాయి బరువు 11.178 గ్రాములు, అందులో వెండి వెయ్యికి 818 పాళ్లు. బ్రిటిష్ వారి కల్దార్ రూపాయి 11.66 గ్రాములు, వెండి వెయ్యికి 917 పాళ్లు. లెక్క వేస్తే నూరు కల్దార్లలో ఉన్న వెండి సుమారు 117 హాలీ రూపాయల్లో ఉంటుంది. మారకం ధర కూడా నూటికి 116 రూపాయల 10 అణాల 8 పైలుగా నిలిచింది. మన చదివింపుల నూటపదహార్లు ఇక్కడినుంచే వచ్చాయని చెప్పే పెద్దలు మా ఇంట్లోనూ ఉన్నారు.

ఇంత కథ వెండి రూపాయి తనంతట తానే చెప్పుకోగలదు, ఎందుకంటే దానిపై ఊరు, రాజు, సంవత్సరం అన్నీ రాసి ఉన్నాయి. మీ బిళ్లపై 418 తప్ప ఏమీ లేదు. దాని కథ తెలిసినవారు బతికి ఉండగానే అడిగి, కాగితం మీద రాసి, బిళ్లతో పాటే ఉంచండి. ఆ చీటీ లేకపోతే మీ మనవల నాటికి అది నిజంగానే ఇత్తడి ముక్క అవుతుంది. నాణేల డబ్బాలో మెత్తటి ప్లాస్టిక్ సంచులు మాత్రం వాడకండి, కొన్నాళ్లకు రాగి మీద ఆకుపచ్చ జిగురు పడుతుంది.

చిక్కడపల్లి చదువరి:

అందరికీ కృతజ్ఞతలు. ఏడు రూపాయల్లో ఆరింటిపై ఐన్, ఒకదానిపై మీమ్ ఉన్నాయి. శాసనాల విద్యార్థి గారి సలహా ప్రకారం ఆదివారం నాడు నాన్నగారితో పాటు పనిచేసిన ఒక పెద్దాయనను వెతుక్కుంటూ వెళ్లాను. ఆయనకు 84 సంవత్సరాలు. బిళ్లను చేతిలో పెట్టగానే అంకె చూడకుండానే బొటనవేలితో చిల్లు అంచును తడిమారు.

ఆయన చెప్పిన ప్రకారం, గేటు లోపల రెండు పలకలు ఉండేవి. పనికి వచ్చినవాడు తన బిళ్లను ఒక పలక మీది మేకు నుంచి తీసి రెండో పలకకు తగిలించాలి, దిగేటప్పుడు మళ్లీ యథాస్థానంలో పెట్టాలి. సైరన్ ఆగేలోగా తగిలించకపోతే ఆ పూట కూలి లేనట్టే. లోపల ఎవరినీ పేరుతో పిలిచేవారు కాదట, అంకెతోనే పిలిచేవారట. మిల్లు మూసిన రోజున బిళ్లలను తీసుకుపోయే గుమాస్తా రాలేదు. సాయంత్రం దాకా ఎదురుచూసి, ఎవరి బిళ్లను వారు మేకు నుంచి తీసుకుని ఇంటికి నడిచారు. మా నాన్నగారు ఆ రోజు ఒక్క మాట కూడా మాట్లాడలేదని ఆయన చెప్పారు.

ఇదంతా ఆయన చెబుతుండగానే చీటీ మీద రాసుకున్నాను. బయలుదేరేటప్పుడు ఆయన ఆగమని చెప్పి, లోపలికి వెళ్లి, దేవుడి పటం వెనుక నుంచి కాగితం పొట్లం ఒకటి తెచ్చి విప్పారు. అందులోని బిళ్ల మీద 421 అని ఉంది.