పైఇన్‌స్టాలర్‌తో చేసిన గేమ్‌ను యాంటీవైరస్ ట్రోజన్ అంటోంది, ఏం చేయాలి?

పిల్లలు గుణింతాలు నేర్చుకోవడానికి పైగేమ్ అనే పైథాన్ లైబ్రరీతో ఒక చిన్న గేమ్ రాశాను. పైథాన్ 3.11, పైఇన్‌స్టాలర్ 6 (పైథాన్ ప్రోగ్రామ్‌ను ఈఎక్స్‌ఈగా మార్చే టూల్), వన్‌ఫైల్ మోడ్ (అంతా ఒకే ఫైల్‌లో), విండోస్ 11. నా ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తోంది. మా అక్క వాళ్ల కంప్యూటర్‌లో వేరే యాంటీవైరస్ ఉంది. అక్కడ డబుల్ క్లిక్ చేసిన రెండు మూడు సెకన్లకే "ట్రోజన్ జెనరిక్" అని ఎర్ర బాక్స్ వస్తుంది, ఈఎక్స్‌ఈ ఫైల్ క్వారంటైన్‌లోకి పోతుంది. గేమ్ విండో తెరుచుకోనే తెరుచుకోదు.

వైరస్‌టోటల్‌లో (ఫైల్‌ను చాలా యాంటీవైరస్ ఇంజన్లతో పరీక్షించే సైట్) చాలా ఇంజన్లు క్లీన్ అన్నాయి, నాలుగైదు మాత్రం పట్టుకున్నాయి. వన్‌ఫైల్ మోడ్‌లో ఈఎక్స్‌ఈ తనలోని ఫైళ్లను టెంప్ ఫోల్డర్‌లోకి విప్పుకుని నడుస్తుంది, మాల్వేర్ రాసేవాళ్లూ ఇదే బూట్‌లోడర్ (పైఇన్‌స్టాలర్ ఈఎక్స్‌ఈలో ముందుగా నడిచే చిన్న ప్రోగ్రామ్) వాడుతుంటారు. అనుమానం అందుకే అనుకుంటున్నాను.

ఫైల్ సైజు తగ్గించే యూపీఎక్స్ కంప్రెషన్ తీసేశాను, తేడా లేదు. బూట్‌లోడర్‌ను సోర్స్ నుంచి నేనే కంపైల్ చేస్తే వైరస్‌టోటల్‌లో హెచ్చరికలు కొన్ని తగ్గాయి కానీ అక్క వాళ్ల యాంటీవైరస్ ఒప్పుకోలేదు. వన్‌డిర్ మోడ్‌లోనూ (ఫైళ్లు ఒక ఫోల్డర్‌లో విడివిడిగా ఉండేది) అంతే. ఫాల్స్ పాజిటివ్ (తప్పుడు హెచ్చరిక) అని ఆ యాంటీవైరస్ కంపెనీకి ఫైల్ పంపితే కొన్ని రోజులకు క్లియర్ చేశారు. కానీ ఒక్క బొమ్మ మార్చి మళ్లీ బిల్డ్ చేస్తే హ్యాష్ (ఫైల్‌కు వేలిముద్ర లాంటిది) మారి కథ మొదటికొస్తోంది. ఎక్స్‌క్లూజన్ (ఈ ఫైల్‌ను తనిఖీ చేయొద్దనే సెట్టింగ్) పెడితే నడుస్తుంది, కానీ యాంటీవైరస్‌ను పక్కన పెట్టమని పిల్లల తల్లిదండ్రులకు చెప్పడం నాకు అస్సలు ఇష్టం లేదు.

కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ (ప్రోగ్రామ్ ఎవరు చేశారో రుజువు చేసేది) కొనే స్తోమత లేదు, గేమ్ ఉచితంగానే ఇస్తున్నాను. పైఇన్‌స్టాలర్ వదిలి న్యూట్కాకు (పైథాన్ కోడ్‌ను కంపైల్ చేసే టూల్) మారినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: సర్టిఫికెట్ లేకుండానే, కొత్త బిల్డ్ చేసిన ప్రతిసారీ వచ్చే ఈ హెచ్చరికలు మీకు ఆగాయా?